నన్ను ఉరకనియ్యని మనిషి

పోయిన సోమవారం పొద్దున దుకాణం షట్టర్ ఎత్తుతుండగా ఫోన్ మోగింది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి, రైల్వేలో ఆయనతో కలిసి పనిచేసినతను.

"మీ అన్న పోయిండు," అన్నాడు. "డ్యూటీ దిగొచ్చి మంచినీళ్లు అడిగిండట. వదిన చెంబు తెచ్చేలోపట్నే ఒరిగిపోయిండు."

ఆయనకూ నాకూ చుట్టరికం ఏమీ లేదు. ఆయనది ఘన్‌పూర్ పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇల్లు. మాది వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం. అయినా అక్కడివాళ్లు నన్ను ఆయన తమ్ముడనే అనేవారు. మధ్యలో పదకొండేళ్లు నేను ఆయనతో మాట్లాడలేదు. అప్పుడు కూడా తమ్ముడనే అన్నారు.

ఫోన్ పెట్టేశాక ముందుగా గుర్తొచ్చింది ఆయన మొహం కాదు, ఆయన చూపు. అది ఎప్పుడూ కిందికే ఉండేది. కొత్త మనిషి ఎదురైతే ఎవరైనా మొహం చూస్తారు. ఆయన కాళ్లు చూసేవాడు. అంగట్లో ఎద్దును బేరం చేసే రైతులాగా ముందు పాదం, తర్వాత మడమ, పిక్క, మోకాలు. అన్నీ అయ్యాక, అవసరమనుకుంటే మొహం. చెల్లెలి కోసం సంబంధం చూసొచ్చి, "పిలగాడు మంచోడే గని ఎడమ పాదం లోపటికి పడుతాంది," అని చెప్పాడట. ఆ మాట చెప్పుకుని వాళ్లింట్లో ఇప్పటికీ నవ్వుతారు.

ఆయన రైల్వేలో కీమన్. రోజూ సుత్తి భుజాన వేసుకుని తన వంతు పట్టాల వెంబడి నడవాలి, పట్టాలను పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే కొట్టి బిగించాలి, పట్టాలో ఎక్కడైనా పగులుందేమో చూడాలి. ఆ నడక అయ్యాక పరుగు. పరుగంటే స్టేడియంలో గుండ్రంగా తిరిగేది కాదు. క్రాస్ కంట్రీ. మట్టి, గడ్డి, బురద, ఎత్తు, పల్లం, ఏది వస్తే దాని మీద. షూ లేసులు ముడేసి, ఆ ముడిని ఉమ్మితో తడిపి మళ్లీ బిగించేవాడు. ఎవరైనా "ఆల్ ది బెస్ట్" అంటే చిరాకు. "బెస్ట్ ఎవనికి? నాకా, నా పక్కోనికా? ఇద్దరికైతే కాదు గదా," అనేవాడు.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఓ పొద్దున హనుమకొండలో సిమెంటు రోడ్డు మీద పరుగెత్తుతున్నాను. ఎదురుగా వస్తున్నాయన ఆగి, నా కాళ్ల వంకే చూస్తూ అడిగాడు.

"ఎవని కాళ్లు తమ్మీ ఇవి?"

"నావే."

"నీయే అయితే గీ రోడ్డు మీద ఎందుకు పాడుచేస్తానవ్? ఆదివారం ఘన్‌పూర్ రా."

అట్లా మొదలైంది. ప్రతి ఆదివారం పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కేవాణ్ణి. పత్తికట్టె పీకేసిన నల్లరేగడి చేలు, కాలువ గట్టు, ఒక ఎండిన గుంట. చుట్టు తిరిగొస్తే రెండు కిలోమీటర్లు. డజను మంది పోరగాళ్లు వచ్చేవారు. వాన పడిన మర్నాడు ఒక్కో అడుగుకు అరకిలో మట్టి షూకు అంటుకునేది. నేను రొప్పుతూ ఆగితే ఆయన నా పక్కనుంచే ఆగకుండా పోతూ, "ఊపిరి పోయినంక ఉరికేదే ఉరుకుడు. దానికంటే ముందుది షికారు," అనేవాడు. ఆ చేలల్లోనే నేను పరుగు నేర్చుకున్నాను. ఇంకెక్కడా కాదు.

మూడో ఏడు ఇద్దరం దేశం జట్టు ట్రయల్స్‌కు పోయాం. అప్పట్లో అంతర్జాతీయ క్రాస్ కంట్రీ పోటీల్లో మగవాళ్లకు రెండు రేసులుండేవి. పన్నెండు కిలోమీటర్లదొకటి, నాలుగు కిలోమీటర్లదొకటి. మాది ఆ చిన్న రేసు. చిన్నదని పేరే గానీ, మొదటి అడుగు నుంచీ ప్రాణం మీదికి తెచ్చుకుని ఉరకాలి. తేరుకుందామంటే దారి మిగలదు. ఆ ట్రయల్స్‌లో చివరి వంద మీటర్లలో ఆయన్ని దాటాను. చేయి పొడవు తేడా. గీత దాటాక ఆయన నీళ్లు పుక్కిలించి ఊసి, "చివర్ల మెడ తిప్పి నన్ను చూసినవ్. ఇంకోసారి తిప్పకు," అన్నాడు. అంతే. బాగా ఉరికావని అనలేదు. అప్పుడే నాకు ఎక్కడో గుచ్చుకుంది.

జట్టుకు ఇద్దరమూ ఎంపికయ్యాం. ఆయనకు ముప్పై దాటాయి, నాకు ఇరవై ఒకటి. ఆయనకు ఉద్యోగం ఉంది. నాకు ఆ రేసులో దిగి సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే రైల్వేలో స్పోర్ట్స్ కోటా. మా బాపు ఒకటే మాటన్నాడు. "ఒక్కసారి పోయిరా బిడ్డా. నౌకరి వస్తే మంచిదే. రాకుంటే ఇగ ఉరుకుడు బంద్, దుకాణంల కూసో."

జట్టు క్యాంపులో నా కుడికాలికి నొప్పి మొదలైంది. మోకాలికీ చీలమండకూ మధ్య, ఎముక మీద, రూపాయి బిళ్లంత జాగా. మొదట ఉరికినప్పుడు, తర్వాత నడిచినప్పుడు, ఆఖరికి పడుకున్నా నొప్పే. బాత్రూంలో గడియ పెట్టుకుని ఐస్ అద్దుకునేవాణ్ణి. అందరి ముందూ నవ్వుతూ నడిచేవాణ్ణి. అట్లా పన్నెండు రోజులు దాచాను. విమానం ఎక్కి పోటీ జరిగే చలిదేశంలో దిగేదాకా ఎవరికీ తెలియలేదు.

రేసు రోజు పొద్దున హోటల్లో లిఫ్టు దగ్గర జనం ఉన్నారని మెట్ల దారి పట్టాను. అక్కడ ఎవరూ ఉండరనుకున్నాను. రెయిలింగ్ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కొక్క మెట్టే దిగుతున్నాను. కింద మలుపులో ఆయన నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"కాలు చూపియ్యి," అన్నాడు.

"ఏం లేదన్నా. జర పట్టేసింది."

"చూపియ్యి."

మెట్టు మీద మోకాళ్లు వేసుకుని కూర్చున్నాడు. నా ట్రాక్‌సూట్ పైకి లాగి, బొటనవేలితో ఎముక వెంబడి మెల్లగా కిందికి నొక్కుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగాడు. గట్టిగా నొక్కాడు. నేను అరవలేదు, కానీ కళ్లల్లోంచి నీళ్లు వాటంతటవే కారాయి.

"ఎన్ని దినాల సంది?"

"పన్నెండు."

"మేనేజర్ సార్‌కు ఎరుకనా?"

"లేదన్నా. నీ కాళ్లు మొక్కుత. పన్నెండు నిమిషాల రేసు. అయినంక ఇరిగితే ఇరగనీ. ఇది పోతే నాకు మళ్ల రాదు. నా సంగతి నీకు తెల్వదా?"

ఆయన లేచి నిలబడ్డాడు. "టిఫిన్ అయ్యేదాక టైం ఇస్తాన. నువ్వే చెప్పు. నువ్వు చెప్పకుంటే నేను చెప్త."

నాకు ఒళ్లు మండిపోయింది. "ట్రయల్స్‌ల నిన్ను కొట్టిన. అది నీ కడుపుల మండుతాంది. గందుకే గదా ఇదంతా?" అన్నాను.

అప్పుడు ఆయన నా మొహంలోకి చూశాడు. తిరిగి మెట్లు దిగి డైనింగ్ హాల్లోకి పోయాడు.

ఆ టిఫిన్ ఎంతసేపు సాగిందో ఈ రోజుకూ చెప్పలేను. ఇరవై నిమిషాలుంటాయేమో. పొడుగు బల్ల. ఒక చివర జట్టు మేనేజర్, పక్కన పరుగెత్తేవాళ్ల పేర్ల కాగితం. నా ఎదురుగా ఆయన ఉడికిన గుడ్డు పెంకు తీస్తున్నాడు. పెంకు చిన్న చిన్న ముక్కలుగా రాలుతోంది. గుడ్డు మాత్రం తినడంలేదు. నేను బ్రెడ్డు మీద జామ్ రాస్తున్నాను, రాసిందే రాస్తున్నాను. మేనేజర్ టీ తాగాడు. మళ్లీ పోసుకున్నాడు. తాగనీ, ఇంకొకటి తాగనీ అనుకున్నాను. మేనేజర్ కప్పు పెట్టేసి, మూతి తుడుచుకుని, కాగితం చేతిలోకి తీసుకుని లేచాడు. నేను తల ఎత్తలేదు.

ఎదురుగా కుర్చీ జరిగిన చప్పుడైంది.

"సాబ్," అన్నాడు ఆయన, అందరి మధ్యా నిలబడి, తనకొచ్చిన హిందీలో. "ఇస్‌కో మత్ దౌడావో. హడ్డీ ఖరాబ్ హై."

వీణ్ణి ఉరికించకండి, ఎముక పాడైందని. బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. మేనేజర్ వచ్చి అక్కడే కింద కూర్చుని నా కాలు నొక్కాడు. ఈసారి అరిచాను. ఐదు నిమిషాల్లో నా పేరు కొట్టేశారు. రిజర్వుగా ఉన్న హర్యానా కుర్రాణ్ణి స్పైక్స్, అడుగున ముళ్లుండే బూట్లు, తెచ్చుకొమ్మన్నారు. వాడు నా వంక చూడలేక తల వంచుకుని పరుగున పోయాడు.

రేసు మధ్యాహ్నం. ముందురోజంతా వాన. పెద్ద గడ్డి మైదానం, స్పాంజిలా నీళ్లు కక్కుతోంది. దారి పొడవునా రెండు వైపులా తాడు కట్టారు. నేను తాడు ఇవతల, ఆరుగురి ట్రాక్‌సూట్లూ రెండు చేతుల నిండా పట్టుకుని నిలబడ్డాను. నూటికి పైగా మనుషులు ఒకే వరుసలో వంగారు. తుపాకీ పేలింది.

ఆ చప్పుడు మీరు విని ఉండరు. వందమంది స్పైక్స్ తడి నేలను ఒకేసారి చీల్చే చప్పుడు. ముందున్న ఆఫ్రికా వాళ్లు పిట్టల గుంపు లేచినట్టు లేచిపోయారు. వెడల్పుగా మొదలైన దారి, మూడువందల మీటర్ల తర్వాత ఐదారుగురు పట్టేంత సందు అవుతుంది. ఆ సందులోకి అందరూ ఒక్కసారే దూరాలి. మోచేతులు, భుజాలు, తిట్లు. మావాడొకడు పడ్డాడు. వాడి పిక్క మీద ఎవరిదో స్పైక్ దిగింది, రక్తం మేజోడులోకి కారుతోంది. లేచి కొంతదూరం కుంటి, తాడు కిందినుంచి బయటికి వచ్చేశాడు. ఇక ఐదుగురు. జట్టు లెక్కలోకి రావాలంటే నలుగురైనా గీత దాటాలి.

మొదటి రౌండు అయ్యేసరికి ఇంకొకడు కడుపు పట్టుకుని కూర్చున్నాడు. నలుగురే మిగిలారు. నలుగురిలో ముందున్నది ఆయన. మోకాళ్ల దాకా బురద, నోరు తెరుచుకుని, ఎడమ భుజం కొంచెం కిందికి వాలి. ఆ భుజం వాలిందంటే ఊపిరి అయిపోయిందని నాకు తెలుసు. సరిగ్గా నా ముందు నుంచే రావాలి. పక్కనున్న మేనేజర్ గొంతు చించుకుని అరుస్తున్నాడు. నేను అరవాలి. అరిస్తే వినబడేంత దగ్గర. ఆయన నా వైపు చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను.

మళ్లీ తల తిప్పేసరికి ఆయన గుట్ట ఎక్కుతున్నాడు.

పడిపోవాలని కోరుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. రెండో రౌండంతా ఆయన జారిపడాలనే కోరుకున్నాను. పడలేదు. చివరి మలుపులో ఇద్దరు విదేశీయులను దాటి, మా జట్టులో అందరికంటే ముందు గీత దాటాడు. దాటగానే కూలబడి, తడి గడ్డిలో మొహం పెట్టి చాలాసేపు లేవలేదు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. అందరికంటే వెనక, ఏడుస్తూ, హర్యానా కుర్రాడు. వాడు నాలుగోవాడు. వాడు రాబట్టే మన జట్టు పేరు పట్టికలో నిలిచింది.

తిరిగొచ్చాక హనుమకొండలో ఎక్స్‌రే తీయించాం. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి, "వెంట్రుక వాసి పగులుంది," అన్నాడు. "ఉరికితే ఇరిగేదా సార్?" అని అడిగాను. "ఇరగొచ్చు, ఇరగకపోవచ్చు. ఎట్ల చెప్తం?" అన్నాడు. ఆ రెండో ముక్కే నేను పట్టుకున్నాను. ఇరగకపోవచ్చు.

నాకు మళ్లీ అవకాశం రాలేదు. కొన్నేళ్లకు ఆ నాలుగు కిలోమీటర్ల రేసునే పోటీల నుంచి తీసేశారు. నేను దుకాణంలో కూర్చున్నాను. పొద్దున పూట గ్రౌండ్‌కు పోయి, తెలిసినవాళ్లందరికీ ఒకటే కథ చెప్పాను. నేను ఆయన్ని ఓడించాను, కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు, టిఫిన్ దగ్గర అందరి ముందూ నిలబడి నా పేరు కొట్టేయించాడు. పన్నెండు రోజులు దాచిన సంగతి చెప్పలేదు. ఎక్స్‌రే సంగతీ చెప్పలేదు. జనం నమ్మారు. ఘన్‌పూర్ చేలల్లోకి పోరగాళ్లు రావడం తగ్గింది. "ఆయన కాడికి పోతే పైకి రానియ్యడు," అని తల్లిదండ్రులు అనుకుంటున్నారని నాకు కబురొచ్చేది. వినడానికి బాగుండేది.

ఆయన మాత్రం ఆర్నెల్లకో ఏడాదికో మా దుకాణానికి వచ్చేవాడు. ఒక గ్లాసో, గరిటో కొనేవాడు. ఘన్‌పూర్‌లో స్టీలు గరిటె దొరక్క కాదు. నేను వస్తువు కాగితంలో చుట్టి ఇచ్చేవాణ్ణి, మాట లేకుండా. ఆయన గల్లా కింద నా కాళ్ల వంక ఒకసారి చూసి పోయేవాడు.

పదకొండో ఏట, వానాకాలంలో ఒక మధ్యాహ్నం, దుకాణంలో నేనొక్కణ్ణే ఉన్నాను. వానలో తడుస్తూ వచ్చి టిఫిన్ డబ్బా అడిగాడు. ఇచ్చాను. డబ్బా చేతిలో తిప్పుతూ, "ఇప్పుడు నొస్తాందా?" అన్నాడు.

అంతకాలానికి మొదటి మాట. నాలో ఏదో తెగింది.

"నేనొకటి అడుగుత. అబద్ధం చెప్పకు," అన్నాను. "ఆ దినం నీ కడుపుల మంట ఉండెనా, లేదా?"

ఆయన డబ్బా గల్లా మీద పెట్టాడు. దాని క్లిప్పు తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు. లేదంటాడు, ఇక కసిదీరా తిట్టొచ్చని చూస్తున్నాను.

"ఉండె," అన్నాడు.

నేను స్టూలు మీద కూర్చున్నాను.

"ఎందుకుండదు తమ్మీ? అప్పటికే పదేండ్ల సంది ఉరుకుతాన. నేను మట్టిల ఉరుకుడు నేర్పిన పోరడు నన్నే దాటిపోయిండు. మంట ఉండె. నీ ఎముక ఖరాబుండె. రెండూ ఉండె."

"మంట లేకుంటే చెప్పకపోదువా?"

"చెప్పేటోన్నే. గని వేరే తీరుగ చెప్పేటోన్ని. సార్‌ను పక్కకు పిలిచి, నిన్ను కూసుండబెట్టి... అట్ల అందరి నడుమ లేచి నిలబడేటోన్ని కాదు." డబ్బా క్లిప్పు వేశాడు. "ఆ నిలబడుడు మాత్రం మంటదే."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే. ఊరందరికి చెప్పుకుంట తిరిగినవ్. నన్నొక్కన్ని అడగలే."

గొంతులో కోపం లేదు. డబ్బా చంకలో పెట్టుకుని, వాన తగ్గేదాకా ఆగమని నేను అనేలోపే రోడ్డు దాటిపోయాడు.

స్టూలు మీద అట్లాగే కూర్చుండిపోయాను. ఒకావిడ వచ్చి కుక్కర్ గాస్కెట్ అడిగితే రెండుసార్లు అడిగించుకున్నాను. నేను అన్నేళ్లుగా చెప్పింది అబద్ధం కాదు. సగం. ఆయన తన సగం ఒప్పుకుని పోయాడు. నా సగం నా దగ్గరే ఉంది.

మర్నాడు పొద్దున గ్రౌండ్‌కు పోయాను. నా కథ విన్నవాళ్లలో ఏడెనిమిది మంది అక్కడే ఉన్నారు. నిలబడి చెప్పాను. పన్నెండు రోజులు దాచానని, ఎక్స్‌రేలో పగులు కనబడిందని, నేను ఉరికి మధ్యలో కూలితే గీత దాటేది ముగ్గురేనని, జట్టే ఉండేది కాదని. విన్నారు. ఒకతను, "ఇప్పుడెందుకన్నా ఇదంతా," అని కాళ్లు చాపి స్ట్రెచింగ్ మొదలుపెట్టాడు. ఇంకొకాయన మాత్రం మెల్లగా, "మా వాన్ని ఆయన కాడికి పోకుండ ఆపిన. నీ మాట పట్టుకునే," అన్నాడు.

ఆ ఆదివారం ప్యాసింజర్ ఎక్కాను. చేను అదే. డజను మంది పోరగాళ్లు లేరు. ఇద్దరు ఆడపిల్లలు, కాలువ గట్టు మీద ఆయన, చేతిలో స్టాప్‌వాచ్. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. గ్రౌండ్‌లో నేను చెప్పిన మాటలు అప్పటికే ఎవరో చేరవేసి ఉంటారు. దాని గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"షూ తెచ్చినవా?" అన్నాడు.

"తెచ్చిన."

స్టాప్‌వాచ్ పెద్దపిల్ల చేతికిచ్చి, "రెండు రౌండ్లు. మా ఇద్దరికి టైం పట్టు బిడ్డా," అన్నాడు. లేసులు ముడేసుకున్నాడు. నాకు ముప్పై రెండు, దుకాణంలో కూర్చుని కూర్చుని బొజ్జ వచ్చింది. ఆయనకు నలభై దాటాయి, కణతల దగ్గర నెరిసింది. ఆ పిల్ల చేయి దించింది.

మొదటి రౌండు ఆయన వెనకే ఉన్నాను. నేల తడిగా ఉంది, మట్టి అంటుకుంటోంది. గుంట దిగి ఎక్కేసరికే నా ఊపిరి పోయింది. కాలువ గట్టు మీద కళ్లు చీకట్లు కమ్మాయి. ఆగుదామనుకున్నాను. ఆయన భుజం ఎడమవైపుకు వాలడం కనబడింది. ఆయనకూ అయిపోయింది. అప్పుడు నాకు పిచ్చి పట్టినట్టయింది. ఆయన్ని దాటాలి. ఇంకేం అక్కర్లేదు. చివరి వంద మీటర్లలో కుడిపక్కకు వచ్చాను. ఆయన కుడికి జరిగాడు. ఎడమకు వచ్చాను, మోచేయి అడ్డం పెట్టాడు. ఆడపిల్లలు అరుస్తున్నారు, ఎవరి కోసమో తెలియదు. పళ్లు కొరికి ఉరికాను. ఆయన దాటనివ్వలేదు.

ఇద్దరం మట్టిలో పడ్డాం. చాలాసేపటికి ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచాడు. ఊపిరి అందక ఒక్కో మాటా ఆగి ఆగి వచ్చింది.

"ఇప్పుడు పోయి చెప్పుకో తమ్మీ, గ్రౌండ్ల అందరికి. అన్న నన్ను కొట్టిండని."